కుక్కుటేశ్వరానికి దారి

ఏడో శతాబ్దంలో నలందలో చదువుకున్న చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఒక ముచ్చట రాసిపెట్టాడు. నాటి భారతీయులు కొరియాను ‘కుక్కుటేశ్వరం’ అనేవారట. అక్కడివాళ్లు కోడిని దైవంగా కొలుస్తారని, దాని ఈకలు తలమీద అలంకరించుకుంటారని మనవాళ్లు చెప్పుకొనేవారట. పిఠాపురం కుక్కుటేశ్వరస్వామిని ఎరిగిన తెలుగువారు ఈ మాట వినగానే చెవులు రిక్కిస్తారు. ఆశపడకండి, రెంటికీ సంబంధం లేదు. కానీ కోడి కథ పుట్టిన చోటు మాత్రం నిజంగానే ఉంది. దక్షిణ కొరియాలో ఆగ్నేయ మూలన గ్యోంగ్జు అనే నగరం ఉంది. దాని నడిబొడ్డున ముసలి చెట్ల తోపు ఒకటి. పేరు గ్యేరిమ్. అంటే కోడి అడవి. సిల్లా రాజ్యాన్నేలిన కిమ్ వంశపు మూలపురుషుడు ఆ తోపులో చెట్టుకొమ్మకు వేలాడుతున్న బంగారు పెట్టెలో దొరికాడని, చెట్టు కింద తెల్లకోడి కూసి ఆ సంగతి లోకానికి చాటిందని ఐతిహ్యం. నేడు కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్. ఆ లెక్కన ఆ కోడి కూత చాలా దూరమే వినిపించింది.

కొరియా ఇప్పుడు మనకు కొత్త దేశమేమీ కాదు. పిల్లల ఫోన్లలో కొరియా సీరియళ్లు, పాటలు. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక అనంతపురం వైపు కొరియా లిపిలో బోర్డులు, కొరియా హోటళ్లు వెలిశాయి. అక్కడి ఇంజినీర్లు మన చిన్న ఊళ్లలో కాపురం పెడుతుంటే, ఇక్కడి నుంచి వెళ్లే పర్యాటకుడు మాత్రం సియోల్‌లో నాలుగు రోజులు, బుసాన్‌లోనో జెజు దీవిలోనో రెండు రోజులు గడిపి, ముఖానికి రాసుకునే క్రీములు సూటుకేసు నిండా సర్దుకుని తిరిగొస్తున్నాడు. వాటిని కాదనను. సియోల్ చూడాల్సిన నగరమే. కాకపోతే ఆ దేశం తన గతంతో ఎలా కాపురం చేస్తున్నదీ తెలియాలంటే సియోల్ చాలదు. ఎన్నో యుద్ధాల్లో కాలి, మళ్లీ మళ్లీ కట్టుకున్న నగరమది. మూడు రోజులు గ్యోంగ్జుకు కేటాయించండి అని నా సలహా. బుసాన్ నుంచి పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే పద్ధతి వద్దేవద్దు. ఎందుకో ముందుముందు చెబుతాను.

గ్యోంగ్జు జనాభా సుమారు రెండున్నర లక్షలు. మన లెక్కలో ఓ జిల్లా కేంద్రమంత. సంప్రదాయ గణన ప్రకారం క్రీ.పూ. 57 నుంచి క్రీ.శ. 935 వరకు, 56 మంది రాజుల కాలంలో సిల్లా రాజధాని ఇదే. మహారాజ్యం ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు నగరంలో 1,78,936 గడపలు ఉండేవని 13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే భిక్షువు కూర్చిన ‘సమ్గుక్ యుసా’ చెబుతుంది. ఆ అంకె పక్కాగా నమ్మాలా అన్నది వేరే సంగతి. సగమే నిజమనుకున్నా, నేటి ఊరు ఆనాటి నగరం ముందు పిల్ల ఊరే. ఊరి మధ్యలో, ఇళ్ల పక్కన, బడుల వెనక పచ్చగడ్డి కప్పుకున్న గుండ్రటి దిబ్బలు కనిపిస్తాయి. కొన్ని ఏడెనిమిది అంతస్తుల ఎత్తు. అవి కొండలు కావు, రాజుల సమాధులు. సమాధుల మధ్య నుంచే జనం కూరగాయల సంచులతో ఇళ్లకు వెళుతుంటారు.

ఇక ప్రయాణం సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు కొరియా వీసా ముందే తీసుకోవాలి. స్నేహితులెవరో చెప్పారని కె-ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి కోసం వెతక్కండి, అది మనకు వర్తించదు. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేసుకోవడం మేలు. సియోల్ నుంచి కేటీఎక్స్ వేగపు రైలులో గ్యోంగ్జు రెండు గంటల దూరం. బస్సులో నాలుగు గంటల పైమాటే. ఇక్కడొక మెలిక ఉంది. ఊరి మధ్యనున్న పాత రైల్వేస్టేషన్ 2021 డిసెంబర్‌లో మూతపడింది. 2010లో ఊరి బయట కట్టిన స్టేషనే ఇప్పుడు గ్యోంగ్జు స్టేషన్. పాత గైడు పుస్తకం నమ్ముకుని ‘స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు’ అనుకుంటే కాళ్లు వాచిపోతాయి. బయటే సిటీ బస్సులు దొరుకుతాయి. సియోల్ మెట్రోలో వాడిన టీ-మనీ కార్డే ఈ బస్సుల్లోనూ పనిచేస్తుంది. బుసాన్ నుంచయితే బస్సే నయం. గంటలో ఊరి నడుమ దింపేస్తుంది.

గూగుల్ మ్యాప్ అక్కడ ఏళ్ల తరబడి అరకొరగానే పనిచేస్తూ వచ్చింది. సైనిక భద్రత పేరు చెప్పి పటాల సమాచారాన్ని దేశం దాటనివ్వకపోవడం ఇందుకు కారణం. బయలుదేరే ముందే నావెర్ మ్యాప్ ఫోన్లో వేసుకోండి. వెళ్లదల్చిన చోట్ల పేర్లు కొరియా లిపిలో రాసిపెట్టుకోండి. చిన్న ఊళ్లో టాక్సీ డ్రైవరుకు ఇంగ్లిష్ రాకపోవచ్చు గానీ కాగితం చూపిస్తే పని జరిగిపోతుంది. ఆ మాటకొస్తే కొరియా లిపి నేర్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. 15వ శతాబ్దంలో ఒక రాజు పనిగట్టుకుని సామాన్యుల కోసం చేయించిన లిపి అది. అచ్చులు, హల్లులు కలిపి గుణింతం కట్టే అలవాటున్న తెలుగువారికి వారం రోజులు చాలు. అర్థం కాకపోయినా బస్సు మీది పేరు చదవగలిగితే సగం భయం పోతుంది.

ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్ మొదటి వారంలో చెర్రీ పూలు, నవంబర్ మొదట్లో ఎర్రబారిన ఆకులు. ఈ రెండు కాలాల్లో అందం ఎంతుంటుందో జనమూ అంతే ఉంటారు. గదుల ధరలు చుక్కలు చూపిస్తాయి. జూన్ చివరి నుంచి జులై దాకా వాన. ఆగస్టులో ఉక్కపోత మన విజయవాడను తలపిస్తుంది. నన్నడిగితే అక్టోబర్ మధ్య భాగం, లేదంటే మే నెల. సోల్లాల్, చుసోక్ అనే రెండు పెద్ద పండుగల రోజులు మాత్రం తప్పించుకోండి. మన సంక్రాంతి రద్దీ గుర్తుందిగా. దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది, రైలు టికెట్ దొరకదు, పండగనాడు మ్యూజియం తలుపులూ మూసి ఉంటాయి.

బస విషయంలో ట్రావెల్ ఏజెంట్లు బొమున్ సరస్సు పేరు చెబుతారు. ప్రపంచ బ్యాంకు అప్పుతో కట్టి 1979లో తెరిచిన విహార కేంద్రమది. పెద్ద హోటళ్లు, పడవలు, పిల్లలకు ఆటలు. చిన్న పిల్లలుంటే సరే. లేకపోతే పాత ఊళ్లోనే పెంకుటింటి అతిథి గృహం చూసుకోండి. ‘హనోక్’ అంటారు. నేల కింది నుంచి వేడి పాకే గదిలో పరుపు పరుచుకుని పడుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళితే మంచం ఉన్న గది కావాలని ముందే చెప్పాలి. చెప్పులు గుమ్మం బయట విప్పడం లాంటివి మనకెవరూ నేర్పక్కర్లేదు.

మొదటి రోజు కాలినడకే. లేదంటే అద్దె సైకిలు. దేరుంగ్వన్ సమాధుల తోటలోకి 2023 నుంచి ప్రవేశం ఉచితం. చొన్మాచోంగ్ అనే ఒక్క సమాధి లోపలికి మాత్రం టికెట్ ఉంది. దాని కథ వినదగ్గది. 1970ల్లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం గ్యోంగ్జును పర్యాటక నగరంగా మార్చాలని తలపెట్టి, అక్కడున్న అతి పెద్ద జంట సమాధిని తవ్వించాలనుకుంది. అంత పెద్దది తవ్విన అనుభవం పురావస్తు శాఖకు లేదు. ముందు పక్కనున్న చిన్నదాని మీద చెయ్యి తిప్పుకుందామనుకున్నారు. 1973లో ఆ చిన్నదాంట్లోనే బంగారు కిరీటం, భూర్జపత్రం మీద గీసిన తెల్ల గుర్రం బయటపడ్డాయి. ఆ వేసవి కరువు. రాజుల్ని కదిపినందుకే వానలు పడటం లేదని ఊరివాళ్లు గొడవ చేశారని, కిరీటం పైకెత్తిన రోజే ఉరుములతో వాన దిగిందని నేటికీ చెప్పుకొంటారు.

కిరీటాల గురించి ఇంకొంచెం చెప్పాలి. 1921లో, జపాన్ పాలన నడుస్తున్న రోజుల్లో, ఒక సారా దుకాణం వెనక స్థలాన్ని విస్తరించేందుకు మట్టి తీస్తుంటే మొదటి కిరీటం దొరికింది. దాన్ని సియోల్‌కు తరలించాలని అధికారులు చూశారు. గ్యోంగ్జు జనం ఒప్పుకోలేదు. ఊళ్లోనే ఉంచాలని పట్టుబట్టి, చందాలు పోగుచేసి, కిరీటం కోసం ప్రత్యేకంగా ఒక భవనం కట్టించారు. పరాయి పాలనలో ఉన్న చిన్న ఊరు, దొర చేతికి పోవాల్సిన బంగారాన్ని ఊరు దాటకుండా ఆపిందన్నమాట. అన్నిటి అదృష్టం అలా లేదు. 1926లో స్వీడన్ యువరాజు సమక్షంలో తవ్విన మరో సమాధి కిరీటాన్ని ఓసారి ప్రదర్శనకని ప్యాంగ్యాంగ్ తీసుకెళితే, అక్కడి మ్యూజియం అధికారి దాన్ని విందులో ఒక నర్తకి తలమీద పెట్టి ఫొటో తీయించాడు. పెద్ద దుమారమే రేగింది.

ఇలా మొత్తం ఆరు కిరీటాలు దొరికాయి. కొన్ని గ్యోంగ్జులో, కొన్ని ఇతర నగరాల్లోని జాతీయ మ్యూజియంలలో సర్దుకున్నాయి. 2025 అక్టోబర్ ఆఖర్లో ఆసియా పసిఫిక్ దేశాల అధినేతల సదస్సు గ్యోంగ్జులో జరిగింది. ఆ సందర్భంగా ఆరింటినీ మొదటిసారి ఒకేచోట, అక్కడి జాతీయ మ్యూజియంలో పెట్టారు. తొలి కిరీటం దొరికిన 104 ఏళ్లకు. టీవీలన్నీ ట్రంప్‌కు బహూకరించిన నకలు కిరీటం చుట్టూ తిరిగాయి గానీ, ఊళ్లో చర్చ వేరు. ప్రదర్శన అయిపోయాక వీటిని మళ్లీ చెల్లాచెదురు చేయొద్దు, ఇక్కడి మట్టిలో దొరికినవి ఇక్కడే ఉండాలి అని జనం గొంతెత్తారు. ముత్తాతలు 1921లో అన్నమాటే.

ఈ కథ తెలుగువాడికి గుచ్చుకోకుండా ఉండదు. అమరావతి స్తూపం రాళ్లను 1797లో కల్నల్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ రాళ్లు మద్రాసు చేరాయి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. నేడు అమరావతి శిల్పాన్ని దాని నిండైన వైభవంతో చూడాలంటే బ్రిటిష్ మ్యూజియానికో చెన్నై ఎగ్మూరుకో వెళ్లాలి. కృష్ణ ఒడ్డున మిగిలింది ఒక మట్టి దిబ్బ, ఒక చిన్న మ్యూజియం. ఆనాడు ఊరివాళ్లు చందాలు వేసుకుని ఆపగలిగే పరిస్థితి ఉందా అంటే లేదు. స్వాతంత్ర్యం వచ్చాక అడగాల్సినంత గట్టిగా అడిగామా అన్నదే ప్రశ్న. గ్యోంగ్జు మ్యూజియంలో కిరీటం ముందు నిలబడ్డప్పుడు దాని జిలుగుతో పాటు ఈ తేడా కూడా చూడండి.

అంతమాత్రాన గ్యోంగ్జులో అంతా సవ్యమే అనుకోనక్కర్లేదు. గతాన్ని కాపాడే ఖర్చు ఊరివాళ్ల నెత్తిన పడింది. పాత ఊళ్లో ఎత్తు కట్టకూడదు, పెంకు కప్పే ఉండాలి, పునాది తవ్వితే ఏదైనా బయటపడితే పని ఆగిపోతుంది. పెట్రోలు బంకుల మీద కూడా వంపు తిరిగిన పెంకులు చూసి పర్యాటకులు ముచ్చటపడతారు. ఇల్లు రిపేరు చేసుకోవాల్సిన మనిషికి అది ముచ్చట కాదు. దేరుంగ్వన్ పక్కనే చొక్‌సేమ్ అనే పేట ఉండేది. కింద సమాధులున్నాయని ఇళ్లన్నీ కొనేసి, జనాన్ని పంపించి, 2007 నుంచి తవ్వుతున్నారు. 44వ నంబరు సమాధి తవ్వకం 2014లో మొదలై 2023 దాకా సాగింది. ఆ పనిని పెద్ద గుమ్మటం కింద జనం చూస్తుండగానే చేశారు. వెళితే తప్పక చూడండి. మన దగ్గర తవ్వకమంటే ముళ్లకంచె, ‘లోనికి ప్రవేశం లేదు’ బోర్డు. అక్కడ చొక్కా చేతులు మడిచిన పరిశోధకులు బ్రష్షుతో మట్టి దులుపుతుంటే బడి పిల్లలు పైనుంచి తొంగి చూశారు.

పక్క వీధి హ్వాంగ్నిదాన్‌ది ఇంకో కథ. నిబంధనల వల్ల ఎవరూ పట్టించుకోక పాతబడిన పెంకుటిళ్లను ఈ దశాబ్ద కాలంలో యువకులు కాఫీ షాపులుగా, ఫొటో స్టూడియోలుగా మార్చేశారు. శని, ఆదివారాల్లో కాలు పెట్టే చోటుండదు. అద్దెలు పెరిగాయి. ఊరి జనాభా మాత్రం తగ్గుతూనే ఉంది. చదువుకున్న పిల్లలు సియోల్ దారి పడుతున్నారు. అందుకే గ్యోంగ్జు సమాధులతోనే బతకడం లేదు. పక్కనే ఉల్సాన్‌లో హ్యుందాయ్ మహా కర్మాగారం ఉంది. దానికి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలు గ్యోంగ్జు శివార్ల నిండా ఉన్నాయి. సముద్రం వైపు వొల్సొంగ్ అణు విద్యుత్ కేంద్రం. 2005లో తక్కువ, మధ్య స్థాయి అణు వ్యర్థాల నిల్వకు చోటెవరిస్తారని ప్రభుత్వం నాలుగు ప్రాంతాల్లో ఓటింగు పెడితే, గ్యోంగ్జులో 89.5 శాతం ‘మాకివ్వండి’ అన్నారు. బదులుగా ప్రత్యేక నిధులు, అణు విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం. వెయ్యేళ్ల రాజధాని వందల ఏళ్ల పాటు చెత్తను దాచిపెట్టే పనికి ఒప్పుకుంది. 2016 సెప్టెంబర్‌లో 5.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ లెక్క మళ్లీ గుర్తొచ్చి దేశమంతా ఉలిక్కిపడింది. ఒక రాత్రయినా అక్కడ ఉండండి, ఒక చిన్న హోటల్లో తినండి, బస్సులో తిరగండి అనడం ఇందుకే. పొద్దున వచ్చి సాయంత్రం పోయే టూరిస్టు వల్ల ఊరికి మిగిలేది కాఫీ కప్పులు.

రెండో రోజు పొద్దున, సామాన్య పర్యాటకులు వదిలేసే చోటుకు వెళ్లండి. హ్వాంగ్న్యోంగ్సా. చూడటానికి ఏమీ లేదు. విశాలమైన పొలం, వరుసగా పునాది రాళ్లు. ఏడో శతాబ్దంలో ఇక్కడ తొమ్మిదంతస్తుల చెక్క గోపురం ఉండేది. ఎత్తు సుమారు 80 మీటర్లని లెక్క. 1238లో మంగోలులు తగలబెట్టారు. ఈ ఆలయంలోని మహా బుద్ధ విగ్రహం గురించి ‘సమ్గుక్ యుసా’లో ఉన్న కథ మనం వినాలి. మన అశోకుడు బుద్ధ విగ్రహం పోత పోయించాలని చూసి చేతకాక, ఇనుము, బంగారం ఓడకెత్తి, పుణ్యమున్న దేశానికి చేరమని సముద్రంలో వదిలాడట. ఎన్నో దేశాలు తిరిగి, ఎక్కడా పని జరగక, ఓడ సిల్లా తీరానికి వచ్చిందట. 574లో ఇక్కడ ఒక్క పోతతో విగ్రహం తయారైందట. అశోకుడికీ ఆ తేదీకీ ఎనిమిది వందల ఏళ్ల ఎడం. చరిత్ర కాదు. కానీ అంత దూరపు ఊరు తన గొప్ప చెప్పుకోవడానికి మగధ రాజును సాక్షిగా పిలుచుకుంది.

కథ కాని నిజం ఒకటుంది. ఎనిమిదో శతాబ్దంలో హ్యేచో అనే సిల్లా యువ భిక్షువు చైనాలో వజ్రబోధి అనే దక్షిణ భారత గురువు దగ్గర చదివి, సముద్ర మార్గాన మన దేశానికి వచ్చాడు. కుశీనగరం, వారణాసి చూశాడు. మూడు నెలలకు పైగా నడిచి దక్షిణాపథానికి దిగాడు. నాగార్జునుడు యక్షులతో కట్టించాడని చెప్పే ఒక కొండ విహారం పాడుబడి, భిక్షువులు లేకుండా ఉందని రాశాడు. మన నాగార్జునకొండే అనేయాలని నోరు ఊరుతుంది గానీ ఆధారం లేదు. ఆ దక్షిణ దేశంలోనే ఒక వెన్నెల రాత్రి ఇంటి మీద బెంగతో పద్యం రాసుకున్నాడు. ఈ ఉక్క దేశంలో ఉత్తరం మోసుకెళ్లే అడవి బాతులు కూడా లేవు, ‘అడవి’కి నా కబురు ఎవరు చేరుస్తారు అన్నది దాని సారం. ఆ అడవి గ్యేరిమే అంటారు వ్యాఖ్యాతలు. అంటే మీరు నిలబడబోయే ఆ కోడి తోపు కోసం దాదాపు పదమూడు వందల ఏళ్ల కింద మన నేల మీద ఒక కుర్రాడు బెంగపడ్డాడు. అతను తిరిగి ఇల్లు చేరలేదు, చైనాలోనే పోయాడు. అతని గ్రంథం ప్రతిని 1908లో పాల్ పెలియో అనే ఫ్రెంచి పండితుడు దున్‌హువాంగ్ గుహలో గుర్తించాడు. అది నేడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. 2010 డిసెంబర్‌లో మొదలైన ఒక ప్రదర్శన కోసం కొన్నాళ్లు సియోల్ వచ్చి మళ్లీ వెళ్లిపోయింది. అన్నీ కిరీటాల్లా ఊరు దాటకుండా ఆగవు.

భారత్‌తో బంధం అనగానే చాలామంది అయోధ్య రాకుమారి కథ ఎత్తుకుంటారు. ‘అయుత’ దేశం నుంచి ఓడలో వచ్చి గయా రాజును పెళ్లాడిన హో హ్వాంగ్ ఓక్ గాథ కూడా ‘సమ్గుక్ యుసా’లోదే. ఆమె సమాధి గిమ్హేలో ఉంది. 2001లో అయోధ్యలో స్మారకం వెలిసింది, 2018లో నాటి కొరియా అధ్యక్షుడి భార్య స్వయంగా వచ్చి వెళ్లారు. దౌత్యానికి పనికొచ్చే కథే. నాకు మాత్రం బెంగపడిన భిక్షువే ఎక్కువ దగ్గర.

బుల్గుక్సా ఆలయం, పైన కొండ మీద సొక్కురామ్ గుహ ఎలాగూ చూస్తారు. 1995లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. 2023 మే నుంచి ప్రవేశ రుసుం లేదు. రెండూ 751లో మొదలైన కట్టడాలు. సొక్కురామ్‌ను గుహ అంటారు గానీ అజంతాలా కొండను తొలిచింది కాదు. గట్టి గ్రానైటు రాళ్లు చెక్కి, గుమ్మటంగా పేర్చి, పైన మట్టి కప్పారు. లోపల సుమారు 3.5 మీటర్ల బుద్ధుడు కుడిచేతి వేళ్లతో భూమిని తాకుతూ కూర్చుని ఉంటాడు. బోధ్‌గయ విగ్రహానికి హ్యూయెన్‌త్సాంగ్ రాసిన కొలతలే దీనికీ ఉన్నాయని కొరియా కళాచరిత్రకారులు వాదించారు. 1913-15లో జపాన్ వాళ్లు బాగుచేస్తున్నామని మొత్తం విప్పి, చుట్టూ సిమెంటు పోశారు. అప్పటిదాకా ఊపిరి పీల్చిన రాయికి చెమ్మ పట్టుకుంది. తర్వాత ఎన్ని యంత్రాలు పెట్టినా ఆ రోగం పూర్తిగా నయం కాలేదు. అందుకే అద్దం అవతలి నుంచే దర్శనం. ఫొటోలు తీయనివ్వరు. పొద్దున్నే, బస్సుల గుంపులు రాకముందే వెళ్లండి. కింది నుంచి అడవి దారిలో గంట నడక. నడవలేనివారికి బస్సుంది, కాకపోతే రోజులో కొన్నిసార్లే తిరుగుతుంది, వేళలు చూసుకోవాలి.

మ్యూజియం ఆవరణలో 771లో పోసిన పెద్ద గంట వేలాడుతుంటుంది. దాదాపు 19 టన్నులు. పోతలో పసిపిల్లను బలిచ్చారని, అందుకే అది అమ్మను తలచుకుని ఏడ్చినట్టు మోగుతుందని జానపద గాథ. కొరియాలో అమ్మను ‘ఓమ్మా’ అంటారని తెలిస్తే గాథ మనకింకా దగ్గరవుతుంది. పగుళ్ల భయంతో మోగించడం ఆపేశారు. 2003 తర్వాత మళ్లీ 2025 సెప్టెంబర్‌లో 771 మంది ఎదుట పన్నెండుసార్లు మోగించారు. మీకు వినిపించేది రికార్డింగే. ఏడో శతాబ్దపు ఖగోళ వేధశాల చొమ్‌సొంగ్‌దే దగ్గరికి మాత్రం తక్కువ ఆశలతో వెళ్లండి. తొమ్మిది మీటర్ల రాతి సీసా. ‘ఇంతేనా’ అనని కొరియావాడే ఉండడు.

తిండి. మాంసాహారులకు ఏ బెంగా లేదు. శాకాహారులు కాస్త కష్టపడాలి. కిమ్చీలో చేపల పులుసో రొయ్యల పొడో ఉంటుంది, కూరగాయల చారులా కనిపించేది ఎండు చేపలు మరిగించిన నీళ్లు కావచ్చు. మాంసం, చేప, గుడ్డు వద్దని కొరియా భాషలో రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. బిబింబాప్‌లో మాంసం, గుడ్డు తీయించి తినొచ్చు. సమాధుల తోట దగ్గర ‘సంబాప్’ హోటళ్లుంటాయి. అన్నాన్ని రకరకాల పచ్చి ఆకుల్లో చుట్టుకుని తినడం. చుట్టూ పదిహేను చిన్న గిన్నెల్లో కూరలు, పచ్చళ్లు. అడిగితే మళ్లీ వేస్తారు. మన ఆంధ్రా మీల్స్ హోటలు గుర్తొస్తుంది. ఎర్రబీన్స్ ముద్ద కూరిన హ్వాంగ్నం రొట్టెలు 1939 నుంచి ఈ ఊరి పేరు మోస్తున్నాయి. మన పూర్ణానికి దూరపు చుట్టం. గుడ్డు తినని వారు అడిగి కొనాలి. పచ్చడి సీసా వెంట తీసుకెళ్లడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వెయ్యి వాన్‌లంటే మన 60 రూపాయలకు కాస్త అటూ ఇటూ.

గ్యోచోన్ పేటలో చో కుటుంబపు పాత లోగిలి ఉంది. పన్నెండు తరాలు, మూడు వందల ఏళ్లు సంపన్నులుగా నిలిచిన భూస్వాములు. వాళ్లింటి కట్టుబాట్లు కొరియాలో ప్రసిద్ధం. కరువు కాలంలో పొలాలు కొనకూడదు. పదివేల బస్తాలకు మించి పోగుచేయకూడదు. వంద ‘రి’ల పరిధిలో, అంటే సుమారు 40 కిలోమీటర్లలో, ఎవరూ ఆకలితో చావకూడదు. చివరి తరం ఆస్తిని స్వాతంత్ర్య పోరాటానికి, కాలేజీకి ఇచ్చేసింది. కరువులో అగ్గువకు పొలాలు రాయించుకున్న కథలు మన పల్లెల్లో ఎన్ని వినలేదు! ఆ ధాన్యం కొట్టు ఇంకా ఉంది, చూసి రండి.

మూడో రోజు నమ్‌సాన్ కొండకు. వందకు పైగా ఆలయ శిథిలాలు, బండల మీద చెక్కిన బుద్ధులు. దక్షిణం వైపు యొరాంగోక్ లోయలో 2007లో ఒక విగ్రహం కనిపించింది. 70 టన్నుల పైబడిన బండ ముందుకు బోర్లాపడి ఉంది. దాని మీద చెక్కిన బుద్ధుడి ముక్కుకూ కింది రాతికీ మధ్య ఎడం 5 సెంటీమీటర్లే. ఆ కాస్త ఎడం వల్ల ముఖం చెక్కుచెదరలేదు. నిలబెట్టాలా, పడ్డచోటే వదలాలా అన్న వాదన అప్పటి నుంచీ నడుస్తోంది. ఎత్తబోయి విరగ్గొడితే మళ్లీ చెక్కేవాడు లేడు. అరగంటకు పైగా ఎక్కుడు ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి. నీళ్లు తీసుకెళ్లండి, దారిలో దుకాణాలుండవు. ముఖం చూడాలంటే నేలమీద చెంప ఆనించి పక్కనుంచి చూడాల్సిందే.